3 కిలోల పామరేనియన్‌కి ఆపరేషన్ చేయిస్తే ప్రమాదమా? ఒక బీజం కిందికి దిగలేదు, సలహా చెప్పండి

బుజ్జిగాడి_అమ్మ (విజయవాడ)

అందరికీ నమస్కారం అండి. మా బుజ్జిగాడు పామరేనియన్, మగ, పది నెలలు, బరువు 3.1 కిలోలు. మొన్న టీకాకి తీసుకెళ్తే డాక్టరు గారు కింద తడిమి చూసి, ఒక బీజమే దిగిందమ్మా, రెండోది లోపలే ఉండిపోయింది, బీజాలు తీసేసే ఆపరేషన్ చేయించేయండి అన్నారు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. వాడు చేతిలో పట్టేంత ఉంటాడు, మత్తు ఇస్తే తట్టుకుంటాడా అని ఒకటే టెన్షన్.

మా అత్తయ్య అసలు ఒప్పుకోవట్లేదు. పల్లెటూళ్ళో ఎద్దులకు విత్తులు కొట్టడం చూసినావిడ, "ఈ పిడికెడు ప్రాణానికి అదంతా ఎందుకమ్మా, మూగజీవి ఉసురు పోసుకోవడం" అంటున్నారు. మా వారేమో డాక్టరు చెప్పాక ఆలోచించేదేముంది అంటారు. రెండు చోట్ల అడిగాం. ఒకచోట నాలుగు వేలు, టెస్టులేమీ వద్దు, పొద్దున తెచ్చి సాయంత్రం తీసుకెళ్ళండి అన్నారు. ఇంకోచోట రక్తపరీక్షలు, స్కాన్, అన్నీ కలిపి పదకొండు వేలు. అంత తేడా ఎందుకో కూడా అర్థం కాలేదు. చిన్న కుక్కలకు చేయించినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి ప్లీజ్.

స్వీటీ_నాన్న (గుంటూరు)

అమ్మా, మాది ఆడది, స్పిట్జ్, ఆరు కిలోలు. చిన్నప్పుడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమంటే మీలాగే భయపడి వాయిదా వేశాం, ఒక్కటే పిల్ల, బయటికి వదలం, ఎందుకులే అనుకున్నాం. తొమ్మిదో ఏట హీట్ (ఎదకు రావడం) అయిపోయిన నెలన్నరకు నీళ్ళు బిందెలకొద్దీ తాగడం మొదలుపెట్టింది, అన్నం ముట్టదు, ఎండలకేమో అనుకుని నాలుగు రోజులు చూశాం. అది గర్భసంచిలో చీము. పయోమెట్రా అన్నారు. ఆ రాత్రికి రాత్రే ఆపరేషన్, బతుకుతుందో లేదో చెప్పలేమని సంతకం పెట్టించుకున్నారు. బతికింది, దేవుడి దయ. కానీ ఏడాది వయసులో నిబ్బరంగా ఉన్నప్పుడు చేయించాల్సిన ఆపరేషన్‌ని ముసలితనంలో, కిడ్నీలు దెబ్బతిన్నాక, చావుబతుకుల మధ్య చేయించాం. ఆ తప్పు నాది. మీవాడు మగవాడు, ఈ జబ్బు రాదు, నిజమే. కానీ భయంతో వాయిదా వేస్తే ప్రమాదం తగ్గుతుందనుకోకండి, అందుకే చెప్తున్నా.

టైసన్_జ్ఞాపకాలు (హైదరాబాద్)

నేను వేరేగా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మా టైసన్ పగ్, ఎనిమిది కిలోలు, అప్పటికి మూడేళ్ళు. రెండేళ్ళ క్రితం న్యూటర్ (బీజాలు తీసే ఆపరేషన్) చేయించాం. ఆపరేషన్ బాగా అయిందని ఫోన్ చేశారు, మేం బయల్దేరి వెళ్ళేసరికి లేడు. మత్తు పూర్తిగా వదలకుండానే బోనులో పెట్టి వేరే కేసుకి వెళ్ళారట, ఊపిరి ఆడక పోయాడు. పక్కన మనిషి లేడు. ఇంట్లో ఉండే మగ కుక్కకి ఇది అవసరమా అని ఆ రోజు నుంచి అడుగుతూనే ఉన్నాను. నార్వేలో సరైన కారణం లేకుండా కుక్కలకు ఈ ఆపరేషన్ చేయడానికి చట్టం ఒప్పుకోదు, అక్కడి కుక్కలు బాగానే ఉన్నాయి కదా. చేయించొద్దు అని నా మాట.

స్వీటీ_నాన్న (గుంటూరు)

చాలా బాధగా ఉందండి మీ టైసన్ సంగతి. మీ బాధకి ఎదురు మాట్లాడే ధైర్యం నాకు లేదు. అయితే ఈవిడ కేసులో బీజం లోపల ఉంది కదా, అది మామూలు కేసు కాదేమో.

వెట్_ఇంటర్న్ (రాజేంద్రనగర్)

నేను వెటర్నరీ చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. డాక్టరుని కాదు ఇంకా, కాబట్టి మీ డాక్టరు మాటే ఆఖరు మాట. తెలిసినంత వరకు వివరంగా రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు టైసన్ వాళ్ళ గురించి. మీరు చెప్పింది వింటే నాకు చాలా కష్టంగా అనిపించింది, ఎందుకంటే సరిగ్గా అదే విషయం మాకు క్లాసులో పదేపదే చెప్తారు. బ్రిటన్‌లో 2008లో అచ్చయిన పెద్ద పరిశీలన ఒకటుంది, వేల కుక్కల మత్తు కేసులు లెక్కేశారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తు వల్ల చనిపోయేవి సుమారు రెండు వేలకు ఒకటి. జబ్బుతో ఉన్నవాటిలో అయితే వందకు ఒకటికి పైనే. ఇంకో మాట, చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం ఆపరేషన్ టేబుల్ మీద కాదు, ఆపరేషన్ అయిపోయాక పోయాయి. అందులోనూ సగం మొదటి మూడు గంటల్లోనే. అంటే కత్తి పట్టినప్పటికంటే, అంతా అయిపోయింది హమ్మయ్య అనుకున్నాకే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే అది మరీ ముఖ్యం, గొంతులో ట్యూబ్ వీలైనంత ఆలస్యంగా తీయాలి, పూర్తిగా తలెత్తి కూర్చునే దాకా పక్కనుంచి మనిషి కదలకూడదు.

అదే పరిశీలనలో 5 కిలోల లోపు కుక్కలకు మధ్యరకం కుక్కలకంటే ప్రమాదం ఎక్కువని తేలింది. కాబట్టి బుజ్జిగాడి అమ్మగారి భయం ఉత్త భయం కాదు. కానీ ఎందుకు ఎక్కువో తెలిస్తే దాన్ని చాలావరకు తగ్గించుకోవచ్చు.

ఒకటి చలి. చిన్న గ్లాసులో కాఫీ తొందరగా చల్లారినట్టు చిన్న ఒళ్ళు తొందరగా చల్లబడుతుంది. పొట్ట మీద జుట్టు గీసి, స్పిరిట్ రాసి, ఏసీ గదిలో స్టీలు టేబుల్ మీద పడుకోబెడితే నిమిషాల్లో ఒంటి వేడి పడిపోతుంది. చల్లబడితే మత్తు వదలడం ఆలస్యం, గుండె నెమ్మదిస్తుంది. కింద దుప్పటి, వెచ్చటి ప్యాడ్ ఏదో ఒకటి ఉండాలి, వేడి నీళ్ళ సీసాలైనా సరే, కానీ గుడ్డ చుట్టే పెట్టాలి, స్పృహ లేని కుక్కకి కాలినా తెలీదు.

రెండోది షుగర్. పెద్ద కుక్కకి రాత్రి నుంచి ఏమీ పెట్టకపోయినా పర్లేదు. ఇంత చిన్నదాన్ని పన్నెండు గంటలు మాడిస్తే షుగర్ పడిపోవచ్చు. మాదగ్గర చిన్నవాటికి నాలుగు నుంచి ఆరు గంటలే ఖాళీ కడుపు అంటారు, నీళ్ళు పొద్దున దాకా ఇవ్వమంటారు, మొదటి కేసు కిందే తీసుకుంటారు. మీ డాక్టరు గారిని సరిగ్గా గంటలు అడగండి.

మూడోది డోసు. పది కిలోల కుక్కకి అర కిలో తేడా వస్తే ఏం కాదు, మూడు కిలోల కుక్కకి అర కిలో అంటే ఆరో వంతు. అంచనా బరువుతో మత్తు ఇవ్వకూడదు, ఆ రోజు పొద్దున్నే కాటా మీద పెట్టి తూచాలి.

ఇవికాక పామరేనియన్లలో (పామ్‌లలో) కొన్నిటికి పుట్టుకతో గుండెలో చిన్న లోపం ఉండటం, గాలిగొట్టం మెత్తబడి దగ్గు రావడం ఉంటాయి. బుజ్జిగాడు ఎగ్జైట్ అయినప్పుడు బాతు అరిచినట్టు దగ్గుతాడా? ఉంటే తప్పకుండా ముందే చెప్పండి. గుండె చప్పుడు స్టెత్‌తో శ్రద్ధగా వినమనండి.

ఇక అసలు సంగతి. రెండు బీజాలూ దిగిన మగ కుక్క, ఇంటి పట్టున ఉండేది, దాని విషయంలో చేయించాలా వద్దా అన్నది చర్చించుకోవచ్చు, తొందరేమీ లేదు. లోపల ఉండిపోయినదాని కథ వేరు. ఒంటి వేడికి అది సంవత్సరాల తరబడి ఉడుకుతూ ఉంటుంది, అందులో గడ్డ వచ్చే అవకాశం మామూలుదానికంటే పది రెట్లకు పైనే. మెలితిరిగే ప్రమాదం కూడా ఉంది. ఆరు నెలలు దాటాక అది తనంతట తాను దిగుతుందని ఆశ పెట్టుకోకూడదు. ఇది పిల్లలకు కూడా వచ్చే లోపం కాబట్టి వాడితో క్రాసింగ్ ఎలాగూ చేయించకూడదు.

టైసన్_జ్ఞాపకాలు (హైదరాబాద్)

చదివాను. ఆ మూడు గంటల విషయం అప్పుడు మాకు ఒక్కరు చెప్పి ఉంటే నేను ఆ బోను పక్కనే కూర్చునేవాణ్ణి. సరే, బీజం లోపల ఉందంటే నా మాట వెనక్కి తీసుకుంటాను. కానీ అమ్మా, ఒక్క పని చేయండి. ఆపరేషన్ అయ్యాక పక్కన ఎవరు ఉంటారు, మేం లోపల కూర్చోవచ్చా అని ముందే అడగండి. కుదరదంటే ఇంకో చోటికి వెళ్ళండి. ఎంత పెద్ద పేరున్నా సరే.

మెల్‌బోర్న్_శిరీష

ఇక్కడ మా చువావాకి ఆపరేషన్ బదులు ముందు ఇంప్లాంట్ (మగ హార్మోన్‌ని కొన్నాళ్ళు ఆపే మందు) వేయించాం, మెడ దగ్గర చర్మం కింద చిన్న బియ్యపుగింజంత పెడతారు. 4.7 మిల్లీగ్రాములది ఆరు నెలలు, 9.4ది ఏడాది పని చేస్తుంది, తర్వాత మళ్ళీ మామూలే. మత్తు అక్కర్లేదు. గోడలకు కాలెత్తడం, దిండ్ల మీద ఎక్కడం తగ్గింది, అది చూసుకుని తర్వాత అసలు ఆపరేషన్ చేయించాం. బుజ్జిగాడికి ఇది పనికొస్తుందా?

వెట్_ఇంటర్న్ (రాజేంద్రనగర్)

మంచి ప్రశ్న అక్కా. మామూలు మగ కుక్కకి అది మంచి దారే, కానీ లోపలున్న బీజం అక్కడే ఉంటుంది కదా, గడ్డ భయం పోదు. వీడికి తీయించడమే.

గోదావరిఖని_రాజు

మీరందరూ ఒక ముఖ్యమైన విషయం వదిలేశారు. గోమార్లు. మన దగ్గర ఎండాకాలం, వానాకాలం అని లేదు, ఏడాది పొడుగునా ఉంటాయి. వాటి వల్ల టిక్ ఫీవర్ వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, పైకి కుక్క బాగానే తిరుగుతుంది, మనకి తెలీదు. మా డాషండ్‌కి ఆపరేషన్ ముందు రోజు నేనే పట్టుబట్టి రక్తం తీయించా, ప్లేట్‌లెట్లు 46 వేలు వచ్చాయి. మామూలుగా రెండు లక్షల నుంచి అయిదు లక్షల మధ్య ఉండాలి. ఆ స్థితిలో కోసి ఉంటే రక్తం ఆగేది కాదు. టెస్టులు వద్దు అన్న నాలుగు వేల చోటికి మాత్రం వెళ్ళకండి అక్కా. ఆ తేడా డబ్బు ఎక్కడికి పోతుందో అర్థం కావట్లేదు అన్నారు కదా, ఇక్కడికే పోతుంది.

బుజ్జిగాడి_అమ్మ (విజయవాడ)

ఎంత మంది ఎంత ఓపిగ్గా రాశారు, అందరికీ పేరుపేరునా దండాలు. ఇంటర్న్ గారూ, బాతు దగ్గు లేదండి. గోమార్లు దీపావళి ముందు రెండు మూడు తీశాను చెవి వెనక. ఇప్పుడు లేవు. రాజు గారి మాట చదివాక నిద్ర పట్టలేదు, రేపే రక్తం తీయిస్తాను.

బుజ్జిగాడి_అమ్మ (విజయవాడ)

రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు 82 వేలు!! టిక్ ఫీవర్‌కి చేసే ఎర్లీకియా కార్డు టెస్టులో పాజిటివ్. వాడు నిన్న కూడా బంతి వెనక పరిగెత్తాడు, ఇంత ఉందని ఎవరికి తెలుస్తుంది. లివర్, కిడ్నీ బాగానే ఉన్నాయి. డాక్టరు గారు ఆపరేషన్ ఆపేసి డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడమన్నారు, తర్వాత మళ్ళీ రక్తం చూసి తేదీ పెడతారట. రాజు గారూ మీ మేలు మర్చిపోను. ఆ మాత్ర పెట్టడం ఎలాగో చెప్పండి, ఉమ్మేస్తున్నాడు.

గోదావరిఖని_రాజు

ఉత్త కడుపున పెట్టొద్దు, వాంతి చేసుకుంటాడు. కోడి లివర్ ముక్కలో దాచి పెట్టండి, వెనకాలే కొంచెం నీళ్ళు తాగేలా చూడండి, గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది. పద్దెనిమిదో రోజుకే బాగున్నాడని ఆపేయకండి, 28 అంటే 28.

లక్కీ_షిట్జు (కర్నూలు)

ఇదే చోట అడుగుతున్నా ఏమనుకోవద్దు. మాది షిట్జూ ఆడది, ఏడు నెలలు, ఇంకా హీట్‌కి రాలేదు. మొదటి హీట్ రాకముందే చేయిస్తే రొమ్ము గడ్డలు రావంటారు, కొందరేమో పూర్తిగా ఎదిగాక చేయించమంటారు, ఎవరి మాట వినాలి?

వెట్_ఇంటర్న్ (రాజేంద్రనగర్)

పూర్తిగా ఎదిగాక అన్న మాట పెద్ద జాతులకు చెప్పింది, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటివాటికి తొందరగా చేస్తే కీళ్ళ సమస్యలు పెరుగుతాయి. కాలిఫోర్నియాలో డేవిస్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో 35 జాతుల లెక్కలు అచ్చేశారు, అందులో చిన్న జాతులకు ఈ ఆపరేషన్ వల్ల కీళ్ళ జబ్బులు పెరగలేదు. అయితే మీకు దాచకుండా చెప్పాలి, చిన్న జాతుల్లో రెండింటికి మాత్రం కొన్ని కాన్సర్లు కొంచెం పెరిగినట్టు కనిపించింది, ఒకటి బోస్టన్ టెర్రియర్, రెండోది షిట్జూ. కాబట్టి వయసు గురించి మీ డాక్టరుతో కూర్చుని మాట్లాడాల్సిందే. రొమ్ము గడ్డల లెక్క 1969 నాటిది, మొదటి హీట్ ముందు చేయిస్తే ప్రమాదం దాదాపు ఉండదని చెప్పింది, ఆ లెక్క అంత బలమైంది కాదని తర్వాత వచ్చిన సమీక్షలు అన్నాయి. పయోమెట్రా విషయంలో మాత్రం సందేహం లేదు. స్వీడన్‌లో ఆపరేషన్ చేయని ఆడ కుక్కల్లో పదేళ్ళు వచ్చేసరికి నాలుగింట ఒకదానికి అది వచ్చింది. ఒకవేళ ఈలోగా హీట్‌కి వస్తే వెంటనే చేయించకండి, అప్పుడు రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రెండు మూడు నెలలు ఆగండి.

బుజ్జిగాడి_అమ్మ (విజయవాడ)

మందు అయిపోయింది, ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు. స్కాన్‌లో లోపలి బీజం గజ్జల్లోనే ఉందని తేలింది, పొట్ట లోపల కాదట, డాక్టరు గారు అది కొంచెం నయం అన్నారు. గురువారం పొద్దున మొదటి కేసు మాదే. మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని వెళ్ళి అడిగాను. గొంతులో ట్యూబ్ వేస్తారా, గ్యాస్ మత్తా ఇంజెక్షన్ మీదేనా, వెచ్చగా ఉంచడానికి ఏముంది, షుగర్ ఎప్పుడెప్పుడు చూస్తారు, తర్వాత పక్కన ఎవరుంటారు. విసుక్కుంటారేమో అనుకున్నా, అన్నిటికీ నవ్వుతూ చెప్పారు. పాలపళ్ళు రెండు ఊడకుండా ఉన్నాయి, అవి కూడా అదే మత్తులో తీసేస్తామన్నారు. ఇది మంచిదేనా?

వెట్_ఇంటర్న్ (రాజేంద్రనగర్)

చాలా మంచిది, పామ్‌లకి అది మామూలే, మళ్ళీ ఇంకోసారి మత్తు తప్పుతుంది. జుట్టు మాత్రం అవసరమైనంత మేరకే గీయమనండి, ఈ జాతికి గీసిన చోట మళ్ళీ రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి సరిగ్గా రాదు.

టైసన్_జ్ఞాపకాలు (హైదరాబాద్)

గురువారం పొద్దున నేనూ మొక్కుకుంటాను. అయిపోగానే ఒక్క ముక్క రాయండి.

బుజ్జిగాడి_అమ్మ (విజయవాడ)

అయిపోయింది. బాగున్నాడు.

బుజ్జిగాడి_అమ్మ (విజయవాడ)

ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. తెల్లవారుజామున మూడింటికి లేపి రెండు చెంచాల అన్నం, చికెన్ పెట్టమన్నారు, తొమ్మిదికి ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు వాడు నా వైపు చూసిన చూపు తట్టుకోలేక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. యాభై నిమిషాలు పట్టింది. బయటికి తెచ్చాక నన్ను పక్కనే కూర్చోనిచ్చారు, దుప్పటి కప్పి వాడి మీద చేయి వేసుకుని మూడు గంటలు కదల్లేదు. ఒంటి వేడి మొదట 97 ఉంది, మామూలుగా 101 దాకా ఉండాలట, కాంపౌండర్ తమ్ముడు ప్రతి పావుగంటకి వచ్చి చూశాడు, వెచ్చటి సెలైన్ సీసాలు తువ్వాలు చుట్టి పెట్టాడు. గంటన్నరకి 100కి వచ్చింది. అప్పుడు తోక ఒక్కసారి ఊపాడు. టైసన్ నాన్న గారూ, ఆ మూడు గంటలూ మీరే గుర్తొచ్చారు.

సాయంత్రం కొంచెం మజ్జిగన్నం తిన్నాడు. నొప్పికి కుక్కల మెలాక్సికామ్ చుక్కలు ఇచ్చారు, ఇంట్లో మనం వేసుకునే నొప్పి మాత్రలు పొరపాటున కూడా వేయొద్దని రెండుసార్లు చెప్పారు.

స్వీటీ_నాన్న (గుంటూరు)

కళ్ళలో నీళ్ళు తిరిగాయమ్మా. కుట్లు నాకకుండా మెడకి కట్టిన కోన్ తీయకండి, జాలిపడి తీశారంటే రాత్రికి రాత్రే వాడు కుట్లు కొరికేస్తాడు. పది పన్నెండు రోజులు స్నానం వద్దు, సోఫా మీదికి ఎగరనివ్వద్దు.

మెల్‌బోర్న్_శిరీష

ఇంకో మాట, ఆపరేషన్ అయినా నెల, నెలన్నర దాకా వాడు తండ్రి కాగలడు, పక్కింటి ఆడ కుక్కల దగ్గరికి వదలొద్దు. తిండి కూడా ఐదో వంతు తగ్గించండి, లేకపోతే మోకాళ్ళ మీద బరువు పడుతుంది.

బుజ్జిగాడి_అమ్మ (విజయవాడ)

పన్నెండో రోజు కుట్లు తీశారు. గాయం సన్నటి గీతలా ఉంది. తీసిన బీజం చూపించారు, రెండోదానిలో సగం కూడా లేదు, మెత్తగా ఉంది. గడ్డ ఏమీ లేదన్నారు. అత్తయ్య మొదటి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రాత్రి చూస్తే హాల్లో వాడి పక్కన చాప వేసుకుని పడుకున్నారు, కోన్ గోడకి తగిలి లేస్తుంటే తల నిమురుతూ. నిన్న కుట్లు తీయించడానికి ఆవిడే ఆటో పిలిచారు.

తిండి తగ్గించడం ఒక్కటే కుదరట్లేదు, నేను తగ్గిస్తే ఆవిడ పెడుతున్నారు. 3.1 ఉన్నవాడు అప్పుడే 3.3 అయ్యాడు. దీనికేమైనా ఉపాయం ఉంటే చెప్పండి. లక్కీ వాళ్ళూ, నేను అడిగిన ప్రశ్నల కాగితం ఫోటో తీసి కింద పెడుతున్నాను, మీరూ పట్టుకెళ్ళండి.

గోదావరిఖని_రాజు

పొద్దున్నే రోజంతటి తిండి ఒక డబ్బాలో కొలిచి అత్తయ్య గారి చేతికే ఇచ్చేయండి అక్కా. అందులోంచి ఆవిడ ఎన్నిసార్లైనా పెట్టనీయండి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. మా అమ్మ దగ్గర ఇదే పనిచేసింది.

లక్కీ_షిట్జు (కర్నూలు)

కాగితం ప్రింట్ తీసుకున్నాను. సోమవారం రక్తం ఇస్తున్నాం.